మా అక్క గొంతు

మా అమ్మమ్మ తలుపులమ్మ మగవేషాలు కట్టేది. మీసం పెట్టుకుని, భుజకీర్తులు తగిలించుకుని స్టేజీ ఎక్కితే తుని నుంచి అమలాపురం దాకా జనం ఆవిణ్ణి ‘రాజుగారు’ అనే పిలిచేవారట. ఆవిడ కూతురు బేబి మా అమ్మ. అమ్మ పద్యం ఎత్తుకుందంటే రాగం పూర్తయ్యేదాకా పందిట్లో ఎవరూ దగ్గేవారు కాదు. నాన్న హరిబాబు హార్మనీ వాయించేవారు. ఆ ఇంట్లో పెద్దపిల్ల మా అక్క సత్యకుమారి. తర్వాతివాణ్ణి నేను, వీరాస్వామిని. నాకు నటన రాలేదు, నాన్న హార్మనీ మాత్రం వచ్చింది. ఇప్పుడు రాజమండ్రిలో ఒక స్కూల్లో సంగీతం చెబుతున్నాను.

అక్క పదేళ్ళకే కాకినాడలో వేషం కట్టింది. ఇరవై ఏళ్ళకి అమ్మ పక్కన నిలబడి అమ్మతో సమానంగా పాడేది. కానీ ఆ తర్వాత నాటకాలకి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ముప్పయ్యో ఏట అక్క హైదరాబాద్ వెళ్ళి సినిమాల్లో డబ్బింగ్ చెప్పడం మొదలుపెట్టింది. తెలుగు రాని హీరోయిన్లు పెదాలు కదిపేవారు. మాట మా అక్కది. పద్దెనిమిదేళ్ళ పిల్ల సిగ్గుపడినా, అరవయ్యేళ్ళ తల్లి శాపం పెట్టినా ఆ గొంతే. ఇరవై నాలుగేళ్ళు అలా పలికింది. మా వీధిలోవాళ్ళు ఆ సినిమాలు చూసి ఏడ్చి, బయటికొచ్చి, “మీ అక్క ఏం చేస్తుందండీ?” అని నన్నే అడిగేవారు.

యాభై నాలుగో ఏట మెడలో గడ్డ బయటపడింది. తియ్యకపోతే ప్రాణానికే ముప్పన్నారు. గొంతుని కదిపే నరం ఆ గడ్డలోనే చిక్కుకుపోయింది. “నరం మిగలకపోవచ్చమ్మా” అని డాక్టరుగారు ముందే చెప్పారు. అక్క సరేనంది. ప్రాణం నిలిచింది. గొంతు పోయింది. మిగిలింది ఒట్టి గాలి, అందులో అక్కడక్కడా కాస్త బొంగురు జీర.

మా ఇంటికొచ్చి మూడు నెలలు గది దాటలేదు. ఫోన్ మోగినా తీసేది కాదు. ఒకరోజు పొద్దున్న అమ్మ కర్ర పట్టుకుని ఆ గది గుమ్మంలో నిలబడింది. అప్పటికి అమ్మకి డెబ్భై నాలుగు.

“సత్యా, కాఫీ తాగి మేడ మీదికి రా. రిహార్సల్ చేద్దాం.”

“గొంతు లేదు కదే అమ్మా,” అంది అక్క. ఆ మాట నాకు సగమే వినపడింది.

“గొంతు నేనడిగానా? ఇరవై నాలుగేళ్ళు తలుపులు మూసిన గదిలో మైకు ముందు నిలబడ్డావు. నీ మొహం తన పని మర్చిపోయింది. దానికి మళ్ళీ నేర్పాలి. లే.”

ఆ రోజు నుంచి ఇద్దరూ మేడ మీదే. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెప్పేది, అక్క చేసేది. “కోపం కనుబొమ్మల్లో పెడతావేంటే? మెడలో పెట్టు,” అని కసిరేది. “ఏడవకు. ఏడుపు ఆపుకుంటున్నట్టు నిలబడు.” అక్క విసుక్కునేది, కూలబడేది, మళ్ళీ లేచేది. ఏడాది గడిచింది.

అప్పుడొచ్చాడు యుగంధర్. కాకినాడ కుర్రాడు, ముప్పయ్యేళ్ళుంటాయి, రెండో సినిమా తీస్తున్నాడు. పోలవరం ముంపులో ఇల్లు వదలాల్సిన ఒక ముసలామె కథ. ఆ వేషానికి మా అమ్మని అడగాలని వచ్చాడు.

“నాకు మోకాళ్ళు లేవు బాబూ,” అంది అమ్మ. “అదిగో, అటు చూడు.”

గేటు దగ్గర అక్క చేపలావిడతో బేరం చేస్తోంది. చేప మొప్ప ఎత్తి చూసి, దింపి, ఆవిడ మొహంలోకి ఒక్క చూపు చూసింది. చేపలావిడ ఆ చేప బుట్టలో పడేసుకుని అడుగునున్న మంచిది తీసింది. యుగంధర్ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

అక్క ఒప్పుకోలేదు. “ఈ గొంతుతోనా?”

“దాందేముందండీ, డబ్బింగ్ ఎవరి చేతైనా చెప్పిద్దాం.”

అక్క లేచి నిలబడింది. ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ అంది, “నా మొహానికి ఇంకొకళ్ళ గొంతా? ఆ పని నేను ఇరవై నాలుగేళ్ళు చేశాను బాబూ. తప్పని అనను. కానీ నాకొద్దు. ఇదే గొంతు ఉంచుతానంటే చేస్తాను. లేదంటే మీరు వేరేవాళ్ళని చూసుకోండి.”

నిర్మాత ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఎండాకాలంలో పట్టిసీమ దగ్గర ఇసుక తిన్నెల మీద షూటింగ్ పెట్టారు. నేనూ వెళ్ళాను. ముసలామె పడవ ఎక్కాలి, ఆమె గేదె ఒడ్డునే నిలబడిపోయింది. ఎంత పిలిచినా రాదు. అదీ సీను.

కెమెరా తిరిగింది. అక్క నోరు తెరిచి పిలిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. నాకు లేచి వెళ్ళి ఆపాలనిపించింది. అక్క తొడ మీద చరిచింది, చప్పట్లు కొట్టింది, తర్వాత రెండు చేతులూ గేదెవైపు చాపి అలాగే ఉండిపోయింది. కట్ చెప్పడం యుగంధర్ మర్చిపోయాడు.

గుంపులో నిలబడ్డానికి నిర్వాసితుల కాలనీ నుంచి కొందరు ఆడవాళ్ళని తీసుకొచ్చారు. అందులో ఒకామె నేరుగా కెమెరా ముందుకి నడిచొచ్చి, కొంగుతో అక్క మొహం తుడిచింది. “మా అత్త కూడా ఇలాగే పిలిచిందమ్మా. మేం వచ్చేసిన రోజు,” అంది. ఇద్దరూ ఆ ఇసుకలోనే కూర్చుండిపోయారు.

సౌండ్ రికార్డిస్టు చెవుల మీంచి హెడ్‌ఫోన్ తీసి అడిగాడు, “సార్, ఊపిరి శబ్దం చాలా పడింది. తగ్గించమంటారా?”

“ఒక్క పిసరు కూడా ముట్టుకోవద్దు,” అన్నాడు యుగంధర్.

సినిమా పెద్దగా ఆడలేదు గానీ చూసినవాళ్ళు మర్చిపోలేదు. కేరళలో ఒక చలనచిత్రోత్సవంలో అక్కకి ఉత్తమ నటి బహుమతి ఇచ్చారు. పేపర్లో ఫొటో వేశారు, కింద పూర్తి పేరుతో. అప్పటినుంచి ఏడాదికి మూడు నాలుగు వేషాలు వస్తున్నాయి. అన్నీ ఆ బొంగురు గొంతుతోనే. అక్కలాగే గొంతు ఆపరేషనైనవాళ్ళు ఫోన్ చేస్తుంటారు. అక్క ప్రతి ఫోనూ తీస్తుంది. అవతలివాళ్ళకి వినపడేదాకా ఎన్నిసార్లైనా చెబుతుంది.

ఆ సినిమా విడుదలైన రోజు కాకినాడలో మొదటి ఆట అమ్మని వీల్‌చెయిర్‌లో తీసుకెళ్ళి చూపించాం. హాల్లో అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే అక్క అమ్మ పక్కకి వంగి, “ఎలా ఉందే?” అని అడిగింది.

అమ్మ ఇంకా తెరవైపే చూస్తోంది.

“గేదె దగ్గర ఎడం చెయ్యి కాస్త ఎక్కువైంది,” అంది. “రేపు పొద్దున్న చూద్దాం.”

అక్క విరగబడి నవ్వింది. ఆ నవ్వుకి చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఊగిపోయాయి.