పాస్‌పోర్టులో ముద్ర

భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తూనే మొరాకోకి ఎన్ని మార్కులు వెయ్యాలా అని ఆలోచిస్తోంది రఫీకా. ట్యునీషియా, మొరాకో, అల్జీరియా: సొమ్మును సరిహద్దు దాటనివ్వడంలో ఏ దేశం చెయ్యి ఎంత ధారాళమో సరిపోల్చడం ఆఫీసులో ఆమె పని. నివేదిక మీద పేరు మాత్రం పై అధికారిది. ఆయన మీటింగులకు కాఫీలు పురమాయించేదీ ఆమే. 'సామాన్యులు తమ డబ్బును ఎవరి అనుమతీ లేకుండా బయటికి తీసుకెళ్లగలరా?' అన్న చోట తమ ట్యునీషియాకి ఒకటికి అరమార్కు వేసింది. ఏడాదికి మనిషికింత అని విదేశీ ప్రయాణపు కోటా ఉంది, బ్యాంకు యూరోలిచ్చి పాస్‌పోర్టులో ముద్ర వేస్తుంది, అది చాలదా అని వాదించి మరీ వేసింది.

పద్దెనిమిదేళ్లుగా ఆ కోటాలో ఆమె ఒక్క యూరో ఖర్చుపెట్టి ఎరగదు. ఏటా ఆమె పేరున తీయించి, భర్త లత్ఫీ ఇస్తాంబుల్ వెళ్లి తన కొట్టుకి కర్టెన్ గుడ్డ తెచ్చుకుంటాడు. నువ్వెక్కడికి వెళ్తావు గనక, ఊరికే పోయే కోటా, అంటాడు. ఊరంతా చేసే పనేగా అని అత్తగారు వంత పాడుతుంది. అదీ నిజమే కాబట్టి రఫీకాకి కోపం కూడా వచ్చేది కాదు.

ఈసారి అదీ చాలలేదు. ఇరవయ్యేళ్ల కూతురు ఇనాస్ కోటా కూడా తీయించమన్నాడు. జనవరిలో, పరీక్షకు చదువుకుంటున్న పిల్ల ముందు కాగితం పెట్టి "బ్యాంకు పని, సంతకం పెట్టమ్మా" అంది రఫీకా. అమ్మ ఇచ్చిన కాగితం కదా, పిల్ల చదవనైనా లేదు.

ఇప్పుడు ఇనాస్ తన పాస్‌పోర్టులో ముద్ర ఉన్న పేజీ తెరిచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మొరాకోలోని రబాత్‌లో రెండు వారాల శిక్షణకు ఎంపికైంది. బ్యాంకుకి వెళితే, నీ కోటా ఎప్పుడో తీసేసుకున్నావు కదా అన్నారట.

"నాన్న పనేనా ఇది?"

అవుననడం ఎంత తేలిక! లత్ఫీ కొట్లో ఉన్నాడు, గురువారం అతని ప్రయాణం. తిట్లన్నీ అతనికి పోతాయి, తను పిల్లతో కలిసి ఏడవొచ్చు. రఫీకాకి తన మీద తనకే అసహ్యం వేసింది. అతను అడిగిన మాట నిజమే. కానీ నాన్న ఇచ్చిన కాగితమైతే ఇనాస్ చదివేది.

ఇస్త్రీ ఆపి బీరువాలోంచి లత్ఫీ ప్రయాణానికి దాచిన యూరోల కవరు తీసింది. ఇనాస్ పేరున వచ్చిన నోట్లు వేరు చేసి చేతిలో పెట్టింది.

"మీ నాన్న అడిగారు. నిన్ను మోసం చేసింది మాత్రం నేనే."

ఇనాస్ నోట్లు లెక్కపెట్టింది. తర్వాత మడిచి జేబులో పెట్టుకుంటూ, "నీ కోటా ఎలాగూ నాన్నదేగా, దాంతో సర్దుకుంటారులే" అంది, ఎంతో మామూలుగా.

ఏటా లత్ఫీ అన్నప్పుడు తగలని మాట, పిల్ల నోట వినేసరికి తగిలింది. ఇది నేర్పిందీ తనే.

రఫీకా మిగిలిన నోట్లలోంచి తన వాటా కూడా బయటికి తీసింది.

"రబాత్‌కి రెండు టిక్కెట్లు చూడు" అంది.