గంధం పెట్టిన రికార్డులు

ఆత్మకూరులో హార్డ్‌వేర్ షాపు నడిపే ప్రసన్నకుమార్ పంక్, ఫంక్ అనే ఇంగ్లీషు పాటల గ్రామఫోన్ రికార్డులు నూటపది పోగుచేశాడు. అవి మోగితే భార్య సాయిశ్రీ మిక్సీ వేసేది. రెండూ ఒకటే గోలనేది. ఎండాకాలంలో అతను పోయాడు.

దసరాకి ఆయుధపూజ చేస్తూ ఆమె స్కూటరుకీ, మిక్సీకీ, మొదటిసారిగా ఆ రికార్డులన్నిటికీ, రెండువైపులా, గంధం పూసి కుంకుమ పెట్టింది. తర్వాత ఆ గోల ఒక్కసారి వినాలనిపించి, ఉదయగిరి నుంచి అతని స్నేహితుడు నరసింహని పిలిపించింది. నరసింహ నాలుగు రికార్డులు మార్చి చూశాడు. గరగర తప్ప ఏమీ రాలేదు.

"గంధం గీతల్లో గట్టిపడిపోయిండాది వదినా. ఇంక పాడవు."

"అన్నిటికీ పెట్టేసినానే! ఆయనుంటే ఎంత తిట్టేవాడో. నువ్వన్నా తిట్టన్నా."

"బుద్ధుండాదా నీకు," అని ప్రసన్నకుమార్ గొంతుతో మొదలుపెట్టి, నరసింహ ఏడ్చేశాడు.