మత్తడి దుంకిన పడవ

"రజిత వాళ్ళ అవ్వ పోయిందట!"

వెంకట్రాం తన డాబా మీద నీళ్ళట్యాంకు పక్కన ఒంటికాలి మీద నిలబడి, ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని, కింద వాకిట్లో ఉన్న ఎనిమిది మందికి ఈ మాట చెప్పాడు. రెండో కాలు ఆనిస్తే సిగ్నల్ పోతుంది. అది ఆ డాబా గుణం. మాట పూర్తి కాకముందే కాలు ఆనింది, ఫోన్ ఆగింది.

తుఫాను వెలిసి అప్పటికి ఒక్కరోజు. ఊళ్ళోకి తుఫాను వచ్చింది, ఇళ్ళలో ఫ్యాను పోయింది. సముద్రం ఎక్కడ, మొగిలిగడ్డ ఎక్కడ! జనగామ జిల్లా చివరి ఊరు అది. తీరం దాటాక తీరు మార్చుకుంటుందనుకున్న తుఫాను తిన్నగా వచ్చి ఊరచెరువు మీద తీరిగ్గా కూర్చుంది. చెరువుకు కరువు తీరింది, ఊరికి ఓపిక తీరింది. నిండిన చెరువు మిగులు నీళ్ళు రాతికట్ట మీంచి దూకే చోటును అక్కడ మత్తడి అంటారు. ఆ మత్తడి నడుములోతున దుంకింది.

ఊరి మత్స్య సంఘంలో పడవలున్న వాళ్ళు తొమ్మిది మంది. గాలివాన వెలిసిందంటే కార్యదర్శి వెంకట్రాం వాళ్ళందరికీ హాజరు పిలుస్తాడు. ప్రశ్నలు మూడే.

"మనిషి?"

"ఉన్న గదనే, కండ్లకు కనబడ్తలేనా?"

"పడవ?"

"ఉన్నది. జర ముక్కు పలిగింది."

"వల?"

"ఎలుకలు కొట్టినయ్. గది గూడ తుఫాను మీదనే ఏద్దాం."

అలా ఎనిమిది మంది అయ్యారు. తొమ్మిదో మనిషి రజిత. ఇల్లు చెరువు అవతల ఉంది. దారి మీద నీళ్ళు పారుతున్నాయి కనుక రాలేక ఫోన్ చేసింది. ఆ ఫోన్‌లో వచ్చిన కబురే ఇది.

చేపలు పట్టడంలో అందెవేసిన చేతులే గానీ మాట పట్టడంలో వాళ్ళకు అంత పట్టు లేదు. ఎవరూ రెండోసారి అడగలేదు. ఒకాయన పెరట్లో బంతిపూలు తెంపి దండ కట్టాడు. అబ్దుల్ సత్తార్ అయితే ఇంకో అడుగు ముందుకేశాడు. సత్తార్‌కు ఒక పడవ, చేపలు ఊరూరా తిప్పి అమ్మడానికి ఒక ట్రాలీ ఆటో ఉన్నాయి. చేపల కోసం ఊకలో దాచిన మంచుగడ్డ ఒకటి మిగిలింది. "కరెంటు లేదు భాయ్, ఫ్రీజర్ పెట్టె నడ్వది. బిడ్డలు దూరంకెల్లి వచ్చేదాంక అవ్వను ఎట్లుంచుతరు?" అని ఆ గడ్డను గోనెసంచిలో చుట్టి ఆటోలో వేసుకున్నాడు.

మోకాలి లోతు నీళ్ళు దాటి, తలలు వంచుకుని, అందరూ రజిత వాకిట్లో నిలబడ్డారు. అరుగు మీద రజిత వాళ్ళ అవ్వ, ఎనభై ఏళ్ళ ఐలవ్వ కూర్చుని తడిసిన మక్కజొన్నలు ఆరబోస్తోంది. తలెత్తి చూసింది. దండ చూసింది. గోనెసంచి చూసింది.

"ఎవలు సచ్చిండ్రు బిడ్డా?"

వెంకట్రాం మెల్లగా సత్తార్ వెనక్కి జరిగాడు.

"ఎవలింటికి పోతాండ్రు దండ వట్టుకోని?"

"నీ... నీ తానికే అవ్వా," అన్నాడు సత్తార్.

లోపలి నుంచి రజిత పరుగెత్తుకొచ్చింది. దండ చూడగానే సంగతి అర్థమైంది. "అయ్యో వెంకట్రామన్నా! అవ్వ కాదే, పడవ! మా పడవ పోయింది అన్న. నువ్వేం ఇన్నవే?"

"నాకు అవ్వ అనే ఇనబడ్డది చెల్లె. ముందటి అచ్చరం గాలికి కొట్టుకపోయినట్టుంది."

ఐలవ్వ దండ అందుకుని వాసన చూసింది. "మంచిగయింది తియ్యి. పడవ పోయింది అంటె ఒక్కడన్న వచ్చెటోడా? గీ దండ మీ తాత ఫొటోకేస్త. గా మంచుగడ్డ ఈడ్నే పెట్టు సత్తారూ, రెండొద్దుల సంది సల్లటి నీళ్ళు లేక నాలుక ఎండుకపోయింది."

అందరూ నవ్వారు. రజిత మాత్రం నవ్వలేదు. ఆమె చూపు కట్టవైపు ఉంది. నిన్నటిదాకా పడవ కట్టి ఉన్న చోట కట్ట అంచే లేదు. నాలుగు గజాల మట్టి కోసుకుపోయి, అక్కడ ఎర్రటి నీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

పన్నెండేళ్ళు రజిత గట్టు మీద కూర్చుంది. పడవల వాళ్ళు తెచ్చి కుమ్మరించిన చేపలను రవ్వులు ఒకపక్క, బొచ్చెలు ఒకపక్క ఏరడమే పని. మోచేతుల దాకా పొలుసు. సంఘంలో పడవ ఉన్నవాళ్ళది గట్టి మాట, పడవ లేనివాళ్ళది గట్టు మాట. మొన్న బోనాలు వెళ్ళాక నీలంరంగు ఫైబర్ పడవ కొనుక్కుని, ఊరచెరువులో వల వేసిన మొదటి ఆడమనిషి అయింది. మత్తడి దూకడం ఆగాక వచ్చే ఆదివారం సంఘమంతా కలిసి మొదటి వల వేస్తుంది. ఆ రోజు పడవతో నీళ్ళలో ఉన్నవాళ్ళకే ఆ ఏడాదికి వల వంతు. పడవ లేకపోతే మళ్ళీ గట్టు, మళ్ళీ పొలుసు.

"ఆదివారం వరకు దొరుకుతదంటవా అన్నా?" అంది.

"నీళ్ళల్ల మునిగితె తేలుతది," అన్నాడు వెంకట్రాం. "ఫైబర్ గద. మత్తడి దుంకితె మాత్రం..."

అతను ఆపేసిన మాట అందరికీ తెలుసు. అక్కడి చెరువులు గొలుసుకట్టు. పైచెరువు మత్తడి దూకిన నీళ్ళు వాగుపట్టుకుని కింది చెరువులో పడతాయి. ఊరచెరువు కింద ఆరు కిలోమీటర్లకు, మహబూబాబాద్ జిల్లాలోకి పోయాక, తండా చెరువు ఉంది.

మర్నాడు పొద్దున సత్తార్ ఆటో హారన్ మోగిస్తూ వచ్చాడు. "రజితా! దొరికింది! తండా చెరువుల నీలం పడవ ఉన్నదట. నా గిరాకీ ఒకామె ఫోన్ చేసింది. నడువు!"

వెంకట్రాం ముందు సీట్లో, రజిత వెనక ట్రాలీలో. దారంతా పత్తిచేన్లు నీళ్ళలో తలలు వంచి నిలబడ్డాయి. వెంకట్రాం వీలైనంత హుషారుగా, "వల లేకుంట వలస పోయిన పడవ ఇదే కావొచ్చు," అన్నాడు. ట్రాలీలో రజిత వాగుకేసే చూస్తోంది.

తండా చెరువు గట్టు మీద, ఒడ్డుకు లాగిపెట్టిన నీలం పడవ దూరం నుంచే కనిపించింది. రజిత ఆటో ఆగకముందే దూకింది. పడవ అంచు మీద ఒక పెద్దమనిషి కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన తండా చేపల సంఘం పెద్ద, లింగ్యా.

"లింగ్యన్నా, ఇది మా పడవే," అంది రజిత ఊపిరి తిప్పుకుంటూ.

"కూసో బిడ్డా, నీళ్ళు తాగు. మీదే. కానీ మొన్నటిదాంక."

"అంటే?"

"మత్తడి దుంకి వచ్చింది గద. మత్తడి దుంకి వచ్చిందేదైన కింది చెరువోళ్ళది. మీ రవ్వులు మా చెరువుల వడ్తె మీరెన్నడన్న వచ్చి అడిగిండ్రా?"

"గది చేపల సంగతి!" అన్నాడు వెంకట్రాం.

లింగ్యా తాపీగా జేబులోంచి ఫోన్ తీశాడు. "పోయినేడు మీ పై ఊరోళ్ళ బొచ్చెలు మీ చెరువుల వడ్డయ్. ఆళ్ళు అడుగనీకె వస్తె ఎవలో ఒకాయన అన్ని సంఘాల గ్రూపుల మాట్లాడి పెట్టిండు. ఇంటవా?"

ఫోన్‌లోంచి గొంతు ఖంగున మోగింది. "మత్తడి దుంకినంక వాపసు లేదు! చేపైతేంది, ఏదైతేంది, దుంకి వచ్చింది మాదే! గిది తాతల నాటి కాయిద!"

ఆ కట్టుబాటు చాటింది వెంకట్రాం గొంతే. వెంకట్రాం తన చెప్పులకేసి చూసుకున్నాడు. ఆ చెప్పులు కూడా ఆయన పక్షం వహించలేదు.

"‘ఏదైతేంది’ అన్నవు చూడు సెక్రటరీ సాబ్," అన్నాడు లింగ్యా, "గా మాటల పడవ గూడ వడ్తది."

రజిత లేచి నిలబడింది. "చేపకు పానం ఉంటది అన్నా. అది మనసైతె దుంకి పోతది. పడవకు పానముంటదా? అది ఎట్ల దుంకుతది?"

"దుంకకుంటె ఎట్లొచ్చింది? బస్సెక్కి వచ్చిందా?" చుట్టూ చేరిన వాళ్ళు నవ్వారు. "పానం లేని దాని కోసం నువ్వు గింత పానం మీదికి తెచ్చుకుంటున్నవేంది బిడ్డా?"

"ఆదివారం మా మొదటి వల. గీ పడవ లేకుంటె నేను మల్ల గట్టు మీదికే పోవాలె. పన్నెండేండ్లు ఏరిన. ఇగ ఏరలేను."

లింగ్యా నవ్వు ఆపాడు. అతనికీ ఇరకాటంగానే ఉంది. కానీ చుట్టూ తండా సంఘం వాళ్ళున్నారు. ఈరోజు పడవ వదిలేస్తే రేపు పై ఊరివాళ్ళు బుట్టలతో వచ్చి తమ చేపలు అడుగుతారు. "కాయిద కాయిదనే," అన్నాడు, కొంచెం మెల్లగా.

"సగం సగం చేద్దామా?" అన్నాడు సత్తార్, ఎవరూ పరేషాన్ కాకూడదని.

"పడవను సగం చేస్తె రెండు కుడితి తొట్లయితయ్ భాయ్," అన్నాడు లింగ్యా.

ఆ సమయానికి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని లింగ్యా భార్య జమ్లీ వచ్చింది. పడవ ముక్కు దగ్గర కాలికి ఏదో తగిలి తూలింది. మోపు దించి, వంగి, బురదలోంచి దాన్ని లాగింది. తాడు వచ్చింది. ఇంకా లాగింది. నీళ్ళ అడుగు నుంచి మనిషెత్తు తుమ్మమొద్దు ఒకటి, మట్టిపెళ్ళలతో సహా, ఒడ్డుకొచ్చి పడింది.

"ఇదేంది?" అంది.

"పడవ కట్టిన మొద్దు అక్కా," అంది రజిత. "కట్ట అంచు కోసుకపోయి మొద్దు గూడ ఊడొచ్చినట్టుంది."

జమ్లీ మొద్దును చూసింది. మొగుణ్ణి చూసింది. "పోయినేడు మన తెల్లెద్దు గూటం పీక్కోని పోయింది యాదికుందా? ఎక్కడ తేలింది?"

"తొర్రూరు దిక్కు, ఎవలదో కొట్టంల."

"ఆళ్ళేమన్నరు? నడిచి వచ్చింది కాబట్టి మాదే అన్నరా?"

లింగ్యా మొద్దుకేసి చూశాడు. జమ్లీ చెప్పింది. "మెడల తాడుంది, ఎవలో కట్టుకున్న గొడ్డు అని నీడకు కట్టేసిండ్రు. మేత ఏసిండ్రు. నువ్వు పోయి ముడి గుర్తు చెప్పినవ్. తాడు నీ చేతికిచ్చిండ్రు. చేప మెడల తాడుంటదా? దీనికున్నది. గిది చేప కాదు, బర్రె."

పక్కనున్న ఒకామె పకపకా నవ్వింది. మిగతావాళ్ళు మాత్రం నవ్వకుండా తలలూపారు. తండాలో చేపల సంఘం వచ్చి పదేళ్ళు. గొడ్ల కాయిదా అంతకు ఎన్నో తరాల ముందుది. బర్రె అనేసరికి అది అందరి బుర్రకూ ఎక్కింది.

లింగ్యా పడవ మీంచి దిగాడు. "బర్రె అయితె ముడి గుర్తు చెప్పాలె. చూడకుంట."

రజిత వెంటనే చెరువుకు వీపు తిప్పి నిలబడింది. "మొద్దుకు మూడు సుట్లు. మూడో సుట్టు కింద ఎర్ర చీర పేలిక ఉంటది, తాడు ఒరుసుకపోకుంట పెట్టిన. పచ్చ అంచు చీర. కొసను రెండుసార్లు లోపటికి దోపిన."

జమ్లీ బొటనవేలితో ముడి మీది బురద గీకింది. అక్కడున్నవాళ్ళు ముందుకు వంగారు. ఎర్రగుడ్డ కనిపించింది. ఇంకాస్త గీకింది. పచ్చ అంచు. కొస లాగి చూసింది. రెండు దోపులు. రెండు రోజుల వరదకు కట్ట కదిలింది, మొద్దు కదిలింది, ముడి మాత్రం కదల్లేదు.

"తాడోపేడో తేలింది తియ్యి," అన్నాడు వెంకట్రాం, రెండు రోజుల్లో మొదటిసారి గట్టిగా ఊపిరి వదులుతూ.

"ఆగు సెక్రటరీ సాబ్," లింగ్యా వేలెత్తాడు. "బర్రె అన్నంక అన్నీ బర్రె లెక్కనే ఉండాలె. తప్పిపోయిన బర్రె మా కొట్టంల ఉన్నన్ని రోజులు పాలు ఎవలయి?"

"కట్టేసుకున్నోళ్ళయి," అంది రజిత.

"అయితె చూడు." లింగ్యా పడవ లోపలికి చూపించాడు. సగానికి నిండిన ఎర్రనీళ్ళలో పదిహేనో, ఇరవయ్యో రవ్వులు తోకలు కొట్టుకుంటున్నాయి. "గవి పాలు."

"ఆ పాలు మీ పాలే అన్నా," అంది రజిత. మొదటిసారి నవ్వింది. "పిండుకోండ్రి."

తండావాళ్ళు బుట్టలు తెచ్చి చేపలు ఎత్తుకున్నారు. నీళ్ళు తోడేశారు. జమ్లీ మొద్దు నుంచి తాడు విప్పి, దాన్ని చుట్ట చుట్టి, గొడ్డును అప్పగించినట్టు కొసను రజిత చేతిలో పెట్టింది. రజిత రెండు చేతులా అందుకుంది. సత్తార్ ఆటోను వెనక్కి తిప్పి ట్రాలీ రెక్క దించాడు. ఆరుగురు కలిసి పడవను ఎత్తి అందులో పెట్టారు. సగం బయటికే ఉంది. రజిత పైకెక్కి దాని ముక్కు పట్టుకుని కూర్చుంది.

అప్పటికి చేన్ల నుంచి ఇంకో పాతిక మంది వచ్చారు. పడవ ఎందుకు పోతోంది, కాయిదా ఏమైంది, రేపు పై ఊరోళ్ళు చేపలకూ వస్తారా అని తలా ఒక మాట. లింగ్యా గట్టు ఎత్తు మీదికెక్కి చేయెత్తాడు.

"ఇనుండ్రి! కాయిద ఏం మారలే. తాడు లేకుంట మత్తడి దుంకి వచ్చింది చేప. అది మనది, ఎవలొచ్చి అడిగిన ఇయ్యం. తాడుతోని వచ్చింది బర్రె. అది కట్టినోళ్ళది. గీ పడవను మనం చేప అనుకున్నం. చూస్తె బర్రె. ముడి గుర్తు చెప్పింది, తోలుకపోతాంది. పాలు మనం పిండుకున్నం. అందరికి సమజయిందా?"

"అయింది," అన్నారు అందరూ.

వెనక నుంచి ఒక ముసలాయన చెవి దగ్గర చేయి పెట్టుకుని అడిగాడు. "మరి రెండు దినాలు మేపిండ్రా దాన్ని?"

"మేత ఏం ముట్టలే కాకా," అన్నాడు లింగ్యా. "నీళ్ళు మాత్రం తాగినన్ని తాపినం."