ఉత్తమ సహాయనటి ఏకగ్రీవం

ఓట్లు అనే మాట చెవిన పడితే చాలు, గుట్టకిందపల్లికి పూనకం వస్తుంది. వాన మొహం చాటేసినా ఓర్చుకుంటుంది, బోరు ఎండినా ఓర్చుకుంటుంది, ఓట్లు చీలుతాయంటే మాత్రం ఓర్చుకోలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఊళ్ళో సర్పంచి ఎన్నిక జరిగింది లేదు. నామినేషన్లు వేసినవాళ్ళందరినీ ఊరిపెద్ద తిప్పన్న, పాలకేంద్రం షెడ్డు కింద కూర్చోబెడతాడు. నయానో భయానో చెప్పి, ఒక్కరు మిగిలేదాకా పేర్లు వెనక్కి తీయిస్తాడు. ఈసారి ఆడవాళ్ళ రిజర్వేషను వచ్చింది గనక ఆ మిగిలిన ఒక్కరూ ఆయన భార్య లక్ష్మక్క. కుర్చీ ఆమెది, పెత్తనం ఆయనది. చూపించిన చోట సంతకం పెట్టడం తప్ప ఆమెకు పెన్నుతో వేరే పని లేదు.

అలాంటి ఊరికి ఒక సోమవారం పొద్దున హైదరాబాదు నుంచి కబురొచ్చింది. రెండేళ్ళ కిందట అనంతపురం నుంచి గంగాధర్ అనే యువకుడు వచ్చి, ఈ ఊరి మనుషులతోనే ఒక సినిమా తీసి పోయాడు. ఇప్పుడు ఉత్తమ సహాయనటి బహుమతికి ఐదుగురి పేర్లు ప్రకటిస్తే అందులో ముగ్గురు ఆ సినిమా వాళ్ళే! సర్పంచి లక్ష్మక్క, డెబ్భై దాటిన నల్లమ్మవ్వ, కూలికి పోయే చెన్నమ్మ. మిగిలిన ఇద్దరూ పట్నంలో పేరున్న నటీమణులు. బహుమతి ఎవరికన్నది జనమే ఫోన్లలో ఓట్లేసి తేలుస్తారట.

చెన్నమ్మ ఆ సమయానికి శెనక్కాయ చేలో కలుపు తీస్తోంది. గంగాధర్ ఫోన్ చేసి చెప్పాడు.

"గెలిచినోళ్ళని స్టేజీ మీదికి పిలుస్తారు చెన్నమ్మా. మైకు చేతికిచ్చి ఒక నిమిషం మాట్లాడమంటారు. టీవీలో అందరూ చూస్తారు."

"ఏమన్నా మాట్లాడొచ్చా సారూ?"

"నీ ఇష్టం. ఆ నిమిషం నీది."

చేతిలోని గడ్డి అక్కడే వదిలేసి ఆమె గట్టు మీద కూలబడింది. బహుమతిగా ఇచ్చే బొమ్మ వద్దు, శాలువా వద్దు, ఆ నిమిషం కావాలి. దాని కోసమే ఆమె ప్రాణం ఇన్నాళ్ళుగా కొట్టుకుంటోంది.

నాలుగేళ్ళ కిందట ఆమె కూతురు అంజలి కుట్టుపని నేర్చుకోవడానికి పామిడి పోయి, అక్కడే శశికుమార్ని పెళ్ళి చేసుకుంది. అబ్బాయి వాళ్ళది చర్చికి పోయే కుటుంబం. ఊరు భగ్గుమంది. షెడ్డు కింద పంచాయితీ పెట్టారు. బిడ్డకు నీళ్ళొదిలితే ఊళ్ళో ఉండండి, లేదంటే మీరూ పోండి అన్నాడు తిప్పన్న. చెన్నమ్మ మొగుడు ఈరన్న అప్పటికే మంచాన పడి ఉన్నాడు. అలాంటి మనిషిని మోసుకుని ఎక్కడికి పోతుంది? చెంబు చేతికిచ్చారు. నలుగురూ చూస్తుండగా నీళ్ళు నేల మీద పోసి, "నా కూతురు చచ్చిపోయింది" అంది చెన్నమ్మ. అంజలి షెడ్డు బయటే, మొగుడి పక్కన నిలబడి ఉంది. ఆ మాట విని ఏడవలేదు, తిట్టలేదు. మొగుడితో కలిసి వెళ్ళిపోయింది.

ఈరన్న పోయాక చెన్నమ్మ ఎవరికీ చెప్పకుండా ఒకరోజు పామిడి బస్సెక్కింది. అంజలి అత్త సారా మంచి మనిషి. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. లోపలికి పోయి వచ్చాక మాత్రం ఆమె మొహం చిన్నబోయింది.

"ఏమనుకోవద్దు వదినా. 'నలుగుర్లో నీళ్ళొదిలింది, నలుగుర్లోనే పిలవమను. ఊరంతా వినేటట్టు నా పేరు పెట్టి పిలిస్తే నా అంతట నేనే వస్తా. దొంగచాటుగా వస్తే నాకు అమ్మ లేదు' అంటాంది."

లోపల కుట్టుమిషను ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు కాసేపు విని చెన్నమ్మ లేచి వచ్చేసింది. కూతురి మాటలో తప్పేముంది? తప్పంతా తనదే. కానీ ఊరంతా వినేటట్టు పిలవడం అంటే మాటలా! పిలిచిన మర్నాడు ఈ ఊళ్ళో ఎవరు పనికి పిలుస్తారు, ఎవరు మొహం చూస్తారు?

ఆ తర్వాతే ఊళ్ళోకి సినిమా వాళ్ళు వచ్చారు. చెన్నమ్మది తల్లి వేషం. కథలో కూతురు గౌరి ఊరొదిలి బస్సెక్కి పోతుంది. మాటలు రాసివ్వలేదు గంగాధర్. "బస్సు కదుల్తాది. నీ కూతురు అందులో ఉండాది. ఏం చేస్తావో చెయ్" అన్నాడు. లక్ష్మక్కది పక్కింటామె వేషం, చెన్నమ్మ చెయ్యి పట్టుకుని ఆపాలి. బస్సు కదిలింది. ఎందుకో ఏమో, గట్టిగా పట్టుకోవాల్సిన లక్ష్మక్క పట్టు వదిలేసింది. చెన్నమ్మ చెప్పులు ఊడిపోతున్నా చూసుకోకుండా కంకర రోడ్డు మీద పరుగెత్తింది. "అంజలీ! అంజలీ!" అని గుండెలవిసేలా అరిచింది. గౌరి లేదు, కథ లేదు, కెమెరా లేదు. బస్సు ఆగాక చూస్తే లైట్లు మోసేవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఆ రోజు ఇంటికొచ్చాక చెన్నమ్మకు తట్టింది. ఊరంతా వినేటట్టు పిలిచేశాను గదా! సినిమా హాల్లో పడితే ఊరేం ఖర్మ, జిల్లా మొత్తం వింటుంది. ఎవరైనా నిలదీస్తే, అది సినిమా గదప్పా అని తప్పించుకోవచ్చు. ఏడాది పాటు ఆ ఆశే ఆమెకు అన్నం, సంగటి.

సినిమా విడుదలైన రోజు ఊరు ఊరంతా ఆటోలెక్కి అనంతపురం పోయింది. తెర మీద చెన్నమ్మ పరుగెత్తింది, నోరు తెరిచింది. "గౌరీ!" అని వినిపించింది. అది ఆమె గొంతు కూడా కాదు. డబ్బింగులో ఆ ఒక్క మాట మార్చారు. "పాత్ర పేరు గౌరి కదమ్మా, మార్చక తప్పలేదు" అని తర్వాత నొచ్చుకుంటూ చెప్పాడు గంగాధర్. ఆయన పని ఆయన చేశాడు, అనడానికేముంది? హాల్లో అందరూ చప్పట్లు కొడుతుంటే చెన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పెదాలు ఒక పేరు పలుకుతుంటే చెవికి ఇంకో పేరు వినిపిస్తోందని ఎవరూ కనిపెట్టలేదు. పక్క సీట్లో లక్ష్మక్క మాత్రం ఆమె చెయ్యి పట్టుకుంది. ఈసారి ఆట అయిపోయేదాకా వదల్లేదు.

ఇప్పుడు మళ్ళీ ఒక నిమిషం కనిపించింది. దానికీ తిప్పన్న అడ్డం పడ్డాడు.

బుధవారం పొద్దున్నే పాలు పోయడానికి వచ్చినవాళ్ళను వచ్చినట్టే షెడ్డు కింద కూర్చోబెట్టాడు.

"చూడండప్పా, ముగ్గురు నిలబడితే మన ఓట్లు మూడు పాయలైతాయి. ఆ పట్నమోళ్ళలో ఎవరో ఒకామె నడమ ఎగరేసుకుని పోతాది. ఒక్కరే ఉండల్ల. ఎవరుండల్లో నేను చెప్పేదేముండాది, సర్పంచమ్మ ఉండాది గదా."

జనం తలలూపారు. తిప్పన్న జెడ్పీటీసీ సీటు మీద కన్నేశాడనీ, పెళ్ళాం చేతిలో బొమ్మ పెట్టి పక్కన ఫోటో దిగాలని చూస్తున్నాడనీ తెలియనివాళ్ళు అక్కడ లేరు. అయినా ఊపారు.

ఎందుకైనా మంచిదని గంగాధర్‌కు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు.

"అన్నా, ఇది ఎలక్షన్ గాదు. పేరు వెనక్కి తీసుకునేది ఇందులో ఉండదు" అన్నాడతను.

"ఓట్లుండాయా లేవా?"

"ఉండాయి."

"ఓట్లుంటే ఎలక్షనే. నువ్వు పెట్టెయ్ ఫోను."

పేరు కాగితం మీద ఉంటే ఉండనీ, వీడియోలో చెప్పిస్తే సరిపోతుందని తిప్పన్నే ఉపాయం తీశాడు. నాకు వేయకండి, లక్ష్మక్కకు వేయండి అని మిగిలిన ఇద్దరూ చెప్పాలి. ఓట్ల కోసం పామిడి దాకా మండలానికొకటి చొప్పున నాలుగు పెద్ద వాట్సాప్ గ్రూపులు అప్పటికే కట్టించాడు. ఒక్కొక్కదాంట్లో ఎనిమిది వందల మంది. ఊళ్ళో ఫోనున్నవాళ్ళంతా వాటిల్లో ఉన్నారు. అన్నీ సర్పంచి నంబరు మీదే నడుస్తాయి గనక వీడియో తీసి పంపే పని లక్ష్మక్కకు పడింది.

ముందు నల్లమ్మవ్వ వంతు. ఆమె ఫోను వైపు చూసి బోసినవ్వు నవ్వింది.

"ఆ బొమ్మ నాకెందుకురా తిప్పన్నా? ఇత్తడిదైతే కరిగిచ్చి చెంబన్నా చేపిచ్చుకుందును. నాకెయ్యొద్దండి నాయనా, లక్ష్మికెయ్యండి."

అందరూ పకపకా నవ్వారు. లక్ష్మక్క వీడియో పంపగానే షెడ్డు కింద ఫోన్లన్నీ టింగుటింగుమన్నాయి.

"ఇంగ నువ్వు రా చెన్నమ్మా" అన్నాడు తిప్పన్న.

చెన్నమ్మ లేవలేదు.

"నేను పోటీలో ఉంటా, అన్నా."

నవ్వులు ఆగిపోయాయి. ఆ ఊళ్ళో తిప్పన్నకు ఎదురు చెప్పిన ఆడమనిషి లేదు, ఆ మాటకొస్తే మగమనిషీ లేడు. తిప్పన్న గొంతు పెంచలేదు, తగ్గించాడు.

"మర్సిపోయినావా? ఆ పొద్దు ఊరు నిన్ను పోనీలే అని ఉండనిచ్చింది. ఇంగా ఈ ఊళ్ళోనే ఉండల్లనుకుంటాండావా, లేదా?"

అదే షెడ్డు, అదే గొంతు. ఇన్నేళ్ళయినా భయం కూడా అదే, ఛీ, ఏం బతుకు! ఇక స్టేజీ లేదు, మైకు లేదు. అంజలి మిషను అలా తిరుగుతూనే ఉంటుంది, తను ఇక్కడ ఇలాగే చచ్చిపోతుంది. లేచి వెళ్ళి లక్ష్మక్క ముందు నిలబడింది.

లక్ష్మక్క ఫోను ఎత్తి పట్టుకుంది. ఆమె మొహం ఫోను వెనక సగమే కనిపిస్తోంది.

"నిమిషం సేపు పడతాది చెన్నమ్మా" అంది మెల్లగా. "తొందర లేదు. నిమిషమంతా నీదే."

చెన్నమ్మ తలెత్తి చూసింది. గంగాధర్ చెప్పిన మాటే అది. ఫోను పక్కగా కనిపిస్తున్న లక్ష్మక్క కన్ను రెప్ప వెయ్యకుండా తననే చూస్తోంది. చెన్నమ్మ కొంగు సరిచేసుకుంది.

"నా పేరు చెన్నమ్మ. మాది గుట్టకిందపల్లి. నాకు ఓటెయ్యొద్దండి, లక్ష్మక్కకెయ్యండి. ఆయమ్మ నాకంటే బాగా చేసింది. నన్ను పట్టి ఆపమంటే వదిలిపెట్టింది."

"బాగుండాది, చాలు" అన్నాడు తిప్పన్న.

చెన్నమ్మ ఆగలేదు. ఆగితే మళ్ళీ నోరు రాదని ఆమెకు తెలుసు.

"ఇంగొక మాట. నాలుగేండ్ల కింద ఇదే షెడ్డు కింద నా కూతురు చచ్చిపోయిందని చెప్పినా. అదీ నటనంటే. భయపడి చేసినా. సినిమాలో చేసింది నటన గాదు. ఆ పొద్దు బస్సెనకాల పరిగెత్తి నేను పిలిచింది గౌరిని గాదు." ఊపిరి తీసుకుని, పక్క పల్లెకు వినపడేలా అరిచింది. "అంజలీ! అంజలీ! మీ అమ్మనమ్మా పిలుస్తాండేది! నాది తప్పే! ఊరంతా వింటాంది, రామ్మా!"

"ఆపు! ఆపవే దాన్ని!" తిప్పన్న బెంచీ తన్నుకుంటూ లేచాడు. "దాన్ని తీసేసి మళ్ళా తియ్యి! మొదటి ముక్క చాలు!"

లక్ష్మక్క ఫోను దించింది. బొటనవేలు అద్దం మీద కదిలింది. మొగుడు దగ్గరికొచ్చేదాకా కదుల్తూనే ఉంది.

"పంపిచ్చేసినా" అంది.

"ఎవరికి?"

"అందరికీ."

"డిలీట్ చెయ్! ఇటు తే ఆ ఫోను!"

ఆమె ఫోనును జాకెట్లో దోపుకుంది. "నువ్వు పెట్టమన్న చోటల్లా సంతకం పెట్టినా. ఏమని అడగల్యా. ఇదొక్కటి నేను చేసినా. ఉండనీ."

తిప్పన్న చెయ్యెత్తాడు. ఆ ఎత్తిన చెయ్యి అలాగే ఉండగా మొదటి ఫోను టింగుమంది. తర్వాత రెండోది, నాలుగోది. పాలు కొలిచే మనిషి జేబులో, మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళ ఒళ్ళో, రోడ్డు అవతల టీ అంగట్లో. చూసే చేతులు ఊరుకుంటాయా? ఒకరి తర్వాత ఒకరు నొక్కారు. ఒక ఫోన్లో చెన్నమ్మ ఇంకా పేరు చెప్పుకుంటోంది, ఇంకోదాంట్లో తప్పు ఒప్పుకుంటోంది, అంగడి వైపు నుంచి అప్పుడే కేక మొదలైంది. అంజలీ, అంజలీ అని షెడ్డు రేకులు మోగాయి. ఈసారి గొంతు ఆమెదే, పేరూ అదే.

చెన్నమ్మ అరుగు అంచున కూర్చుండిపోయింది. ఎవరూ ఆమె వైపు రాలేదు. నల్లమ్మవ్వ ఒక్కతే కర్ర పొడుచుకుంటూ వచ్చి పక్కన చతికిలబడింది. తిప్పన్న చెయ్యి దించాడు గానీ కళ్ళలో నిప్పులు దించలేదు. ఇంటికి పోయాక లక్ష్మక్క గతేమిటో, రేపటి నుంచి తనను కలుపుకు పిలిచేదెవరో, చెన్నమ్మకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. భయం ఎక్కడికీ పోలేదు. కానీ ఇప్పుడు ఆమె అడగాల్సిన మాట ఒక్కటే మిగిలింది.

"పామిడి గ్రూపుకు గూడా పోయిందా అక్కా?"

లక్ష్మక్క మొగుణ్ణి చూడకుండా ఆమెనే చూసింది.

"మొదట దానికే పంపినా" అంది.