ఆరు గంటల బుస

యాకుత్‌పురాలో ఆ మూడంతస్తుల మేడ మీదున్న రేడియో రిపీటర్‌కు జాఫరే దిక్కు. ముప్పై ఏళ్లు వైర్‌లెస్ మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. వరదలొచ్చిన ఏడాది రెండు రోజులపాటు ఫోన్లు మూగబోయి, ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో తెలియక బస్తీ అల్లాడిపోయింది. ఆ తర్వాతే అందరూ చందాలేసుకుని దాన్ని పెట్టించారు. చేతి వాకీటాకీలోంచి వచ్చే సన్నటి మాటను విని, దూరంగా ఉన్నవాళ్లందరికీ గట్టిగా వినిపించడం దాని పని.

పోయిన వానల్లో దాని సాయంతోనే ఒక నిండు చూలాలిని నీళ్లలోంచి ఆస్పత్రికి చేర్చారు. దాంతో జాఫర్ పేరు మారుమోగింది. బస్తీ కమిటీ అధ్యక్షుడు వైకుంఠం, స్టీలు సామాన్ల వ్యాపారి, ఈ ఎండాకాలం మేడ మీద ఒక లైటు బోర్డు పెట్టించాడు. పైన జాఫర్ ఫొటో, మధ్యలో ‘మన బస్తీ గొంతు’ అన్న మాట, కింద అంతకంటే పెద్ద అక్షరాల్లో వైకుంఠం పేరు. ఆరింటికల్లా దానంతటదే వెలిగేది. ఇవన్నీ ఎందుకని జాఫర్ మొహమాటపడ్డాడు. అయినా రోజూ సాయంత్రం ఏదో పని కల్పించుకుని ఎదురు గల్లీ చివరిదాకా నడిచి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి చూసుకునేవాడు.

నెల తిరక్కముందే రిపీటర్‌కు చెవుడొచ్చింది. పగలంతా బాగానే ఉండేది. ఆరు దాటితే చాలు, రైల్వే స్టేషన్ దగ్గర వాకీటాకీతో కాపలా ఉండే శ్రవణ్‌కుమార్ మాట బుసలో మునిగిపోయేది. జాఫర్ ఏరియల్ దించి తుడిచాడు. కేబుల్ మొనలో నీళ్లు దిగాయేమోనని కోసి కొత్త మొన బిగించాడు. బ్యాటరీ మార్చాడు. బుస తగ్గలేదు.

ఆరింటికి ఈ మేడలో ఏం మొదలవుతుందా అని ఆలోచిస్తే కింది అంతస్తులోని కాశమ్మ పిండిగిర్ని తట్టింది. సాయంత్రమే దానికి గిరాకీ.

“కాశమ్మక్కా, నీ మోటరే నా రేడియోను ఖరాబ్ చేస్తున్నది. జర బంద్ చెయ్యి” అన్నాడు, చేతిలో బుసకొడుతున్న వాకీటాకీ సెట్టు చూపిస్తూ.

“ఏంది భాయ్! ఇరవై ఏండ్ల సంది నడుస్తున్న మోటరు గిప్పుడు అడ్డమొచ్చిందా?”

జాఫర్ కదల్లేదు. గిరాకీ అంతా చూస్తోంది. ఆమెకు ఒళ్లు మండి ఏకంగా మెయిన్ స్విచ్చే దించేసింది.

బుస టక్కున ఆగింది. కరెంటు పోయినా రిపీటర్ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి శ్రవణ్‌కుమార్ గొంతు పక్కనే నిలబడ్డట్టు పలికింది.

“చూసినవా!” అన్నాడు జాఫర్.

చూడ్డానికి గిర్నిలో చీకటి తప్ప ఏమీ లేదు.

మర్నాడే కమిటీ నుంచి కాశమ్మకు కబురు వెళ్లింది, ఆరు దాటాక గిర్ని నడపొద్దని. ఆమె మోటరు ఆపుకుని, లైటు కింద ఊరికే కూర్చుంది. మేడ మీద బుస మాత్రం వేళకు మొదలైంది.

జాఫర్ సెట్టు పట్టుకుని మెట్లెక్కాడు. ఒక్కొక్క వైరూ పట్టుకుని వెతికాడు. ఆఖరికి మిగిలింది తన ఫొటో వెనకాల వేలాడుతూ, బోర్డు లైట్లకు కరెంటిచ్చే చవక పవర్ డబ్బా. దానికి కరెంటు కింద గిర్ని లైనులోంచే వస్తోంది. ఆవేళ కాశమ్మ స్విచ్చి దించినప్పుడు మోటరుతోపాటు ఇదీ ఆగిందన్నమాట. ప్లగ్గు పీకితే బుస ఆగింది, పెడితే మళ్లీ మొదలైంది. నాలుగైదుసార్లు పీకి పెట్టి చూశాడు, ఒక్కసారైనా తప్పవుతుందేమోనని.

సోమవారం కోఠీకి వెళ్లి మంచి డబ్బా తెచ్చి, చప్పుడు చెయ్యకుండా మార్చేద్దామనుకున్నాడు. కానీ ఆదివారం సాయంత్రమే, మేడ మీద వెలుగుతున్న ఆ బోర్డు కిందే, వానాకాలం ఏర్పాట్ల మీటింగ్ పెట్టారు.

“గిర్ని మోటరే అసలు దొంగ అని పట్టుకున్నది మన జాఫర్ భాయే!” అన్నాడు వైకుంఠం. “ఇగ వానలు పోయేదాకా సాయంత్రం గిర్ని బంద్!”

చప్పట్లు మోగాయి. వెనక వరసలో కాశమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆ చేతులకు పిండి లేకపోవడం జాఫర్ చూడటం అదే మొదటిసారి. ఇక కూర్చోలేకపోయాడు.

“అక్క తప్పేం లేదు. ఆ లొల్లి నా ఫొటోది.”

అందరూ నవ్వారు. “ఎంత పెద్ద మనసు భాయ్ నీది!” అని వైకుంఠం భుజం తట్టాడు. చప్పట్లు మొదటికంటే గట్టిగా మోగాయి. నిజం చెప్పి ఇంత మెప్పు పొందడం, ఒక్కరూ నమ్మకపోవడం, రెండూ జాఫర్‌కు కొత్తే.

జాఫర్ సెట్టు పైకెత్తాడు. బుస. బోర్డు ప్లగ్గు పీకాడు. ఫొటో ఆరిపోయింది.

“హలో! ఎవరన్నా ఇంటున్నరా?” శ్రవణ్‌కుమార్ గొంతు ఖంగుమంది. “అరగంట సంది పిలుస్తున్న, ఒక్కరు పలుకుతలేరు!”

ఈసారి చప్పట్లు లేవు. వైకుంఠం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“ఫొటో తీసేద్దాం భాయ్. కింద నా పేరుకు మటుకు లైటు ఉంచొచ్చా?”

“డబ్బా ఒక్కటే, వైకుంఠం సాబ్. వెలిగితే ఇద్దరం వెలుగుతం.”

అప్పటికే కాశమ్మ మెట్లు దిగిపోయింది. కింద మోటరు హోరు మొదలైంది. సెట్టులో శ్రవణ్‌కుమార్ మాట చెక్కు చెదరలేదు. జాఫర్ దిగి గిర్ని ముందు నిలబడ్డాడు.

“మాఫ్ చెయ్యక్కా.”

“మాఫ్ సంగతి తర్వాత. గోధుమలు కుప్పలు పడ్డయి. ఆ డబ్బా పట్టు ముందు.”

గడ్డమంతా పిండితో తెల్లబడేలా ఎనిమిదింటిదాకా డబ్బాలు పట్టాడు జాఫర్. పైన కమిటీ, బోర్డును పోనీ పగలైనా వెలిగించుకోవచ్చా అన్న చర్చలోనే ఉంది.