చొక్కాకు సరిపడా పాట

పల్లవి అయ్యేసరికి కాలరు పూర్తవాలి. మొదటి చరణంలో రెండు చేతులు, రెండో చరణంలో వీపూ ముందుభాగాలూ, మళ్లీ పల్లవి అందుకునేసరికి మడత. లాండ్రీలో కిటికీ పక్క బల్ల దగ్గర నిలబడే ఆయన పద్ధతి అది. పొద్దున్నే తలుపు తీయగానే ఇస్త్రీపెట్టె కంటే ముందు పాటలు పెట్టేవాడు. బరువు మోసీ మోసీ కుడి భుజం కాస్త కిందికి దిగింది. అరచెయ్యి కాయలు కాసింది. వేళ్ల చివర్లకు వేడి తెలియదు. ఇన్నేళ్ల చాకిరీలో ఆయన వెనకేసుకున్నది అంతే.

వీధిలో అందరూ ఆయన్ని పాతాయన అంటారు. వయసు వల్లేం కాదు, రెండో బల్ల దగ్గర నిలబడే బావమరిది కొత్తాయన కాబట్టి. ఇద్దరికీ ఒకే సంగీత దర్శకుడంటే ప్రాణం. చిక్కల్లా అక్కడే. ఆ మహానుభావుడు మొదట్లో వయొలిన్లతో ఊదరగొట్టేవాడు, వేణువుతో ఏడిపించేవాడు. ఉన్నట్టుండి బాణీ మార్చేశాడు. ఇప్పుడాయన పాటలో రెండు మూడు వాద్యాలు, గుసగుసలాడే గొంతు, మిగతాదంతా ఖాళీ.

"మనిషన్నాక మారడా బావా? నీలాగా ఒకే బల్ల పట్టుకుని వేలాడాలా?" అంటాడు కొత్తాయన.

"మారితే మారనీరా. కాలరు దాటకముందే అయిపోయేదాన్ని పాటంటారా?"

"ఆయనేమైనా నీ చొక్కాల కోసం కడుతున్నాడా పాటలు?"

ఎదురుకొట్టు గడియారాల మేస్త్రి తీర్పు చెప్పడానికని వచ్చి, టీ తాగి, ఇద్దరిదీ ఒప్పేనని తేల్చేసి పోతాడు. అలాంటి న్యాయమూర్తి దొరకడం ఇద్దరికీ కలిసొచ్చింది.

నిజం చెప్పాలంటే ఆ గొడవ పాట గురించి కాదు. పాతాయన భార్య పోయాక, అంటే కొత్తాయనకు అక్క పోయాక, ఇద్దరూ ఈ గదిలో నోరు విప్పలేక నిలబడ్డారు. ఏ మాట ఎత్తినా ఆవిడ దగ్గరికే వెళ్తుంది. అలా ఎన్నాళ్లు గడిచేవో గానీ, ఒకరోజు కొత్త పాటొకటి వచ్చింది. "ఏం పాటరా ఇది, నీరసంగా," అని గొణిగాడు పాతాయన. "నీకేం తెలుసు బావా," అన్నాడు కొత్తాయన. హమ్మయ్య, మాట దొరికింది. ఆ దొరికిన మాటను ఇద్దరూ ఇక వదల్లేదు.

మరోరోజు పొద్దున ఆ సంగీత దర్శకుడిదే ఇంకో కొత్త పాట వచ్చింది. తిట్టడానికి సిద్ధంగా చెవి పెట్టాడు పాతాయన. పల్లవి అయింది, కాలరు సగంలోనే ఉంది. ఆయన చొక్కా కింది అంచుకు వచ్చేసరికి వాద్యాలన్నీ ఆగిపోయాయి. గొంతూ ఆగిపోయింది. ఎవరో గుమ్మం దగ్గర నిలబడి, పిలవాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టుంది. ఆయన చెయ్యి కూడా ఆగింది, తర్వాతి మాట కోసం.

మాడు వాసన వచ్చింది.

చప్పున పెట్టె ఎత్తాడు. అదృష్టం బాగుండి, ప్యాంటులోకి దోపుకునే అంచు మీద మాత్రమే పడింది మచ్చ. కొత్తాయన దగ్గరికొచ్చి మచ్చను చూశాడు, బావ మొహం చూశాడు.

"నచ్చింది కదూ," అన్నాడు మెల్లగా.

"నచ్చడమా, నా మొహమా. కరెంటు ఎక్కువొచ్చింది."

కొత్తాయన నవ్వుకుంటూ తన బల్ల దగ్గరికి పోయాడు. పాతాయన మచ్చను లోపలికి మడిచాడు. నచ్చిందని ఒప్పుకుంటే వాదం అయిపోతుంది. అయిపోతే రేపటినుంచి ఈ గదిలో ఏం మాట్లాడుకుంటారు? మళ్లీ ఆ పాత మౌనం. అది తలుచుకుంటేనే ఆయనకు భయం.

అన్నాలు తిన్నాక ఒళ్లు బరువుగా ఉందని కొత్తాయన బట్టల మూటల మీద వాలాడు. కాసేపు నడుం వాల్చడం మామూలే. పాతాయన ఇంకో చొక్కా తీశాడు, పెట్టేశాడు. మనసు ఊరుకోలేదు. వెళ్లి మూటల పక్కన కూర్చున్నాడు.

"నచ్చిందిరా. ఆ ఆగిన చోట మీ అక్క గుర్తొచ్చింది."

కొత్తాయన కళ్లు తెరవలేదు. "నాకూ అంతే బావా. నేను ఇంట్లో పాడుకునేవన్నీ ఆయన పాత పాటలే, ఎవరికీ చెప్పకు."

"మరి ఇన్నాళ్లూ?"

"నువ్వు మాట్లాడటం మానేస్తావేమోనని. రేపు ఇంకేదైనా చూసుకుని పోట్లాడదాంలే. పడుకోనీ."

పాతాయన లేచి పనిలో పడ్డాడు. గుండె తేలికైంది. ఇన్నాళ్లకు మొదటిసారి పాటలు లేకుండా ఇస్త్రీ చేశాడు, నిద్ర చెడగొట్టడమెందుకని. ఎండ కిటికీ దాటాక టీ తెప్పించి లేపబోయాడు. కొత్తాయన లేవలేదు. చెయ్యి పట్టుకుంటే వేడి ఉందో లేదో ఆ వేళ్లకు తెలియలేదు. ఎదురుకొట్టు మేస్త్రిని పిలిచాడు. మేస్త్రి చెయ్యి పట్టుకుని చూసి, తల దించుకున్నాడు.

దినకర్మలన్నీ అయ్యాక లాండ్రీ తలుపు తీశాడు పాతాయన. మేస్త్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో తెలియక, అలవాటైన మాటే అడిగాడు.

"అయితే చివరికి ఎవరు నెగ్గారు?"

"తేలలేదు," అన్నాడు పాతాయన. "రేపు చూద్దామన్నాడు."

మేస్త్రి చూపు రెండో బల్ల మీదికి పోయింది. ఆ రోజు కొత్తాయన మొదలుపెట్టిన చొక్కా మేస్త్రిదే. పూర్తిచేద్దామని పాతాయన దాన్ని అందుకోబోతే, అలాగే ఉండనీమని మేస్త్రి ఆపాడు. ఒక చెయ్యి నున్నగా, ఇంకో చెయ్యి ముడతలతో, చొక్కా బల్ల మీదే ఉంది.