ఈక కన్నా బరువు

తారీఖుల టీచర్‌కు ఒళ్లు మండిపోతోంది. పిల్లలు చాటున పెట్టిన ఆ పేరు ఆమెకు తెలుసు. చరిత్ర అంటే తారీఖులే కదా అని ఇన్నేళ్లూ దాన్ని గొప్పగానే మోసింది. పక్క సెక్షన్‌కు కొత్తగా వచ్చిన కుర్ర మాస్టారిని అదే పిల్లలు 'కథల సార్' అనడం మొదలుపెట్టాక, తన పేరు తనకే తిట్టులా వినిపించసాగింది.

అంతవరకైతే సరిపెట్టుకునేదే. కానీ సొంత కూతురు ఆ సెక్షన్‌లోనే ఏడిచింది. కంచం ముందు కూర్చుంటే చాలు, సార్ ఇలా అన్నారు, సార్ అలా అన్నారు. ఈజిప్టులో రాజుల సమాధులు కట్టే పనివాళ్లు, తిండిగింజలు అందక పని ఆపేసి కూర్చున్న సంగతి నిన్న కళ్లు పెద్దవి చేసుకుని చెప్పింది. తల్లి ఏళ్ల తరబడి చెబుతున్న పాఠమే అది. కడుపున పుట్టిన పిల్ల ఏనాడూ తనను ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు.

ఈజిప్టు పాఠం మొదలైనప్పటి నుంచి ఆమె ఖాళీ పీరియడంతా కథల సార్ మూసిన తలుపుకు ఆనుకునే గడుస్తోంది. అతగాడు ఒక్క తారీఖు తప్పు చెబితే చాలు, లోపలికి వెళ్లి అందరి ముందూ దిద్దాలని ఆమె ఆశ. అతను తప్పితేనా? పైగా ఒకరోజు కథలో పడి ఆమెకే బెల్లు వినిపించలేదు. దాంతో కుళ్లు ఇంకా పెరిగింది.

ఇవాళ లోపల తీర్పు నడుస్తోంది. చనిపోయినవాడి గుండెను త్రాసులో ఈకతో తూస్తారని ఈజిప్టువాళ్ల నమ్మకం. వాడు తాను చేయని తప్పులన్నీ ఒక్కొక్కటే చెప్పుకోవాలి. సైన్సు గది నుంచి తెచ్చిన త్రాసులో ఒకవైపు పావురం ఈక, ఇంకోవైపు గుండెకు బదులు చిన్న కాగితం ముక్క. తడబడితే కాగితం మీద సుద్దముక్క పడుతుంది. న్యాయాధికారి ఆమె కూతురే.

"సార్, తలుపు కింద ఎవరివో చెప్పులు కనబడుతున్నాయి," అన్నాడు ఒక గడుగ్గాయి.

కథల సార్ తలుపు తీసి నవ్వాడు. "రండి మేడమ్, మీరు కూడా చచ్చిపోదురుగాని."

పిల్లలు పగలబడి నవ్వారు. వెనక్కి తిరిగితే పరువు పోతుందని ఆమె వెళ్లి త్రాసు ముందు నిలబడింది. కూతురు వాక్యాలు అందించసాగింది.

"నేను దొంగతనం చేయలేదు."

"చేయలేదు."

"ఎవరినీ ఏడిపించలేదు."

"ఏడిపించలేదు." వెనక బెంచీ గట్టిగా దగ్గింది.

"చాటుగా నిలబడి ఎవరి మాటలూ వినలేదు."

అది కూతురు కల్పించింది కాదు. ఆనాటి ప్రమాణాల్లో నిజంగానే ఉందని ఆమెకు తెలుసు. కూతురు సుద్దముక్క పట్టుకుని తల్లి ముఖంలోకే చూస్తోంది.

"విన్నాను," అంది ఆమె. "రోజూ విన్నాను."

సుద్దముక్క పడింది. గుండె కిందికి దిగిపోయింది.

రాత్రి ఇంట్లో ఇద్దరూ కంచాల ముందు కూర్చున్నారు. కూతురే అడిగింది.

"అమ్మా, బరువైన గుండెను తర్వాత ఏం చేస్తారు? సార్ అక్కడే ఆపేశారు."

అతగాడికన్నా ముందు చెప్పే అవకాశం. తల్లికి ప్రాణం లేచివచ్చింది.

"మొసలి తల, సింహపు ముందు భాగం, నీటిగుర్రపు వెనుక భాగం కల ఒక జంతువు దానిని భక్షించును."

"అంతేనా?" అంది కూతురు.

సుద్దముక్క ఇంత గట్టిగా తగల్లేదు. అతనైతే దీన్నే పీరియడంతా చెప్పేవాడు. ఆ కుళ్లు గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగకుండానే మొదలుపెట్టింది.

"ఆ రోజు దానికి బాగా ఆకలిగా ఉంది. ఎదురుగా ఒక టీచరమ్మ నిలబడింది. ఆవిడకు ఒక కుర్ర మాస్టారంటే ఒళ్లంతా కుళ్లు."

కూతురు కంచంతో సహా తల్లి పక్కకు జరిగింది.

"తర్వాత?"